పద్మనాభం

పద్మనాభం (1931 – 2010) తెలుగు సినిమా హాస్యనటుడు, నిర్మాత, దర్శకుడు. పూర్తి పేరు బసవరాజు వేంకట పద్మనాభరావు. కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ పద్యాలు, నాటకాలంటే మక్కువ.

‘పాతాళభైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా జనానికి గుర్తుండిపోయాడు. మాంత్రికుడు ఎస్.వి. రంగారావు నిండు విగ్రహం పక్కన బక్కపలచగా నిలబడి ‘మోసం గురూ’ అనడంలోని బిక్కమొహం ఇప్పటికీ నవ్విస్తుంది. అమాయకత్వాన్ని అతి చేయకుండా పలికించడం అతని బలం. నటి గీతాంజలితో జోడీ కూడా బాగా కుదిరింది.

నిర్మాతగా మారి తన రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ పతాకంపై ఎన్.టి. రామారావు, సావిత్రిలతో ‘దేవత’ (1965), ఆపై ‘పొట్టి ప్లీడరు’ (1966) తీశాడు. ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ (1967)లో తానే కథానాయకుడు. సంగీత దర్శకుడు కోదండపాణి చేయి పట్టుకుని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నేపథ్యగాయకుడైంది ఈ చిత్రంతోనే. వాణిశ్రీ కథానాయికగా స్వయంగా దర్శకత్వం వహించిన ‘కథానాయిక మొల్ల’ (1970)కు ఉత్తమ చిత్రంగా బంగారు నంది దక్కింది. నవ్వించేవాడు కవయిత్రి మొల్ల కథను ఎంచుకోవడం సాహసమే.

బంగారు నంది అప్పులు తీర్చదు గదా! తర్వాతి సినిమాలు నష్టపోయి, నటనతో కూడబెట్టింది నిర్మాణంలో హరించుకుపోయింది. అదే కాలంలో మరో హాస్యనటుడు రాజబాబు హవా మొదలవడంతో వేషాలూ తగ్గాయి. చిన్న పాత్రలతో నెట్టుకొచ్చాడు. 2010 ఫిబ్రవరిలో చెన్నైలో మరణించాడు.