తూటాల తెర నుంచి పాఠం తెర దాకా: ‘దన్మాకు’

జపనీస్‌లో ‘దన్మాకు’ అంటే తూటాల తెర. యుద్ధభాషలో పుట్టి, షూటింగ్ వీడియో గేముల్లోకి వచ్చిన ఈ మాట, 2006లో మొదలైన నికోనికో సైట్‌లో వీడియో మీదుగా కుడి నుంచి ఎడమకు దూసుకుపోయే వ్యాఖ్యల గుంపుకు పేరైంది. చైనా వాళ్లు దాన్నే ‘దాన్‌ము’ అంటారు. అక్కడి వీడియో సైట్ బిలిబిలిలో పాఠాల మీదా ఈ వ్యాఖ్యలు పరుగెడతాయి. పేరులో దాడి ఉన్నా, చదువుకు ఇవి చేసే మేలు పెద్దది. ఎందుకంటే ప్రతి వ్యాఖ్యా వీడియోలోని ఒక క్షణానికి ముడిపడి ఉంటుంది. లెక్కలో ఒకే మెట్టు దగ్గర ప్రశ్నలు గుమిగూడితే, వివరణ ఎక్కడ తెగిందో మాస్టారికి తెలుస్తుంది. ఎప్పుడో చూసినవారి సందేహం, ఒంటరిగా చూస్తున్న విద్యార్థికి తోడవుతుంది. కదిలే అక్షరాలు దృష్టిని చీలుస్తాయన్న అభ్యంతరం నిజమే, కొత్త పాఠంలో మరీనూ. అందుకే మొదటిసారి వాటిని ఆపేసి చూసి, రెండోసారి తెరవాలి.