చిన్న తొట్టి, పెద్ద తొట్టి: ఇంటిలోని పగడపు దిబ్బ కథ



మన స్త్రీలు నల్లపూసలతో కలిపి గ్రుచ్చుకొను పగడమును చూచి, అది గనిలో దొరకు రాయి యని పెక్కురు తలంతురు. అది రాయి కాదు. సముద్రములో నివసించు మిక్కిలి చిన్న ప్రాణులు తమకై కట్టుకొనిన సున్నపు గూడు. ఆభరణములలోని ఎఱ్ఱపగడము లోతునీటిలో పెరుగును. దాని దాయాదులైన మఱికొన్ని జాతులు ఎండ సోకెడి వెచ్చని నీటిలో కోట్లకొలది చేరి దిబ్బలు కట్టును. రామేశ్వరమునకు చేరువనున్న మన్నారు సింధుశాఖలో అట్టి దిబ్బలు కలవు. ఆ దిబ్బలలోని కొన్ని జీవులను ఉప్పునీటితో, చేపలతో సహా ఇంటిలోని గాజుతొట్టిలో పెంచుట యొక విద్య. ఈ విద్య యెట్లు పుట్టినది? దీనిలో దిగినవారు చిన్న తొట్టిని విడిచి పెద్ద తొట్టికి పోగోరుట యేల? పోవునప్పుడు కాపాడుకొనవలసిన దేమి? ఈ మూడు సంగతులు నేడు మనవి చేసెదను.

సముద్రము కానరాని కరీంనగరము, ఆదిలాబాదు సీమలవారికి ఈ ప్రసంగ మేల యని మీరడుగవచ్చును. కుంటను, చెరువును ఎఱిగినవారికే ఇది సులభముగా బోధపడునని నా నమ్మకము.

1832వ సంవత్సరమున సిసిలీ ద్వీపములోని మెస్సీనా పట్టణమున జాన్ విల్‌ప్రూ పవర్ అను ఫ్రెంచి వనిత సముద్రజీవులను పరిశీలించుటకై గాజుతొట్లు చేయించెను. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ తీరమునుండి సజీవములైన పగడములను లండను నగరమునకు తెచ్చెను. నీరు చెడకుండుటకై ఆమె పనికత్తె తెఱచిన కిటికీ యెదుట నిలిచి, దినదినము ఆ నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి పోయుచుండెను. మన యిండ్లలో కాగిన పాలను తిరుగబోసినట్లే. పాలు చల్లారుటకై మనము పోయుదుము. గాలి నీటిలో కలియుటకై వారు పోసిరి. పిమ్మట ఆమె సముద్రపు నాచును గూడ ఆ నీటిలో నుంచెను. ఆ పగడములు కొన్ని సంవత్సరములు బ్రదికెను.

1850లో రాబర్టు వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటి పాత్రలో బంగారు చేపలను, నీటిమొక్కను ఉంచి చూచెను. మొక్క చేపలకు ప్రాణవాయువు నిచ్చెను గాని, దాని యాకులు క్రుళ్ళి నీటిని చెఱచసాగెను. అంతట నత్తలను విడువగా అవి క్రుళ్ళిన యాకులను తినెను, నీరు తేరెను. ఒకరి యెంగిలి మఱియొకరి యాహారమైననే పాత్రలో జీవనము సాగునని యీ ప్రయోగము తెలిపెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకై చేపల యిల్లు తెఱచిరి. మరుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన పుస్తకము వలన ఇంటింట గాజుతొట్టి నుంచుట ఆ దేశమున నొక వేడుక యయ్యెను. తొట్లు మిక్కిలి చిన్నవగుటచే పెక్కింటిలో జీవులు చచ్చెను. చచ్చినవాని స్థానమున క్రొత్తవానిని తెచ్చుటకు జనులు తీరముల మీద పడిరి. ఆ రాతిగుంటలు కొల్లబోయినవని గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రకటించిన గ్రంథమున విచారపడెను.

ఈ చిక్కునకు విరుగుడు కనిపెట్టినవారిలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ముఖ్యుడు. 1871లో లండనులోని స్ఫటిక భవనమున ఆయన యేర్పరచిన మత్స్యశాలలో జనులు చూచు తొట్ల క్రింద, వానికంటె ఎన్నియో రెట్లు పెద్దదైన చీకటి జలాశయ ముండెను. నీరు యంత్రముచే పైకెక్కి, తొట్లలో పారి, మరల క్రిందికి దిగుచుండెను. తొట్టి చిన్నదైనను దాని వెనుక నున్న నీరు పెద్దది. మన పూర్వులు గొలుసుకట్టు చెరువులలో పై చెరువు అలుగు క్రింది చెరువునకు పారునట్లు కట్టి, ఏ చెరువును ఒంటరి కాకుండ చేసినారు గదా! లాయిడు ఆలోచనయు దానికి చుట్టమే.

మన దేశమున ఈ విద్యకు పేరు తెచ్చినది మద్రాసు. అచ్చటి ప్రదర్శనశాలకు అధికారియైన ఎడ్గర్ థర్‌స్టన్ ప్రోద్బలముచే సముద్రపు టొడ్డున కట్టిన మత్స్యశాలను 1909లో ప్రజలకు తెఱచిరి. నాడు మద్రాసు కోస్తా, రాయలసీమల తెలుగువారికి గూడ రాజధాని. మన సీమ నిజాము ఏలుబడిలో నుండెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1942లో, ఆ మత్స్యశాలను మూసివేసిరి.

ఇక పెద్ద తొట్టి యేల? లెక్క వేసి చూతము. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో సుమారు 54 లీటర్ల నీరు పట్టును. కొలత లన్నిటిని రెట్టింపు చేసినచో 432 లీటర్లు పట్టును. నీరు ఎనిమిది రెట్లయినది. గాలి సోకు పైభాగము మాత్రము నాలుగు రెట్లే. చిన్నదానినుండి దినమునకొక లీటరు ఆవిరియైనచో పెద్దదానినుండి నాలుగు లీటర్లు పోవును. ఆవిరియై పోవునది మంచినీరు, ఉప్పు నిలిచిపోవును. కావున చిన్న తొట్టిలో ఒక్కనాటికే ఉప్పదనము నూటికి రెండుపాళ్ళు హెచ్చగా, పెద్దదానిలో ఒకపాలు హెచ్చుట గూడ లేదు. వేడిమి సంగతియు నంతియే. వేసవిలో కుంట ముందు కాగును, ముందు ఎండును, చెరువు నిలుచును. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెఱచుట మీరు చూచియే యుందురు. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును; రాత్రి నాచు గూడ దానిని పీల్చును. అట్టి వేళ మన కొఱ్ఱమీను పైగాలిని మ్రింగి బ్రదుకగలదు. పగడమునకు ఆ నేర్పు లేదు.

పగడపు జీవికి ఇంచుమించు 24 మొదలు 28 డిగ్రీల వెచ్చదనము హితము. దాని శరీరములో కంటికి కానరాని నాచు కాపురముండి, ఎండవలన ఆహారము వండి పెట్టును. నీరు కొలదిగా హెచ్చు వేడెక్కి కొన్ని వారములు నిలిచినచో ఆ నాచు వెడలిపోయి పగడము తెల్లబడును. చల్లబడక పోయినచో చచ్చును. 1998లో లక్షదీవులలోను, మన్నారు శాఖలోను సముద్రమునందే ఇట్లు జరిగెను. మన కరీంనగరమున వేసవిలో 45 డిగ్రీలు దాటుట కలదు; ఆదిలాబాదున చలికాలపు రాత్రి 5 డిగ్రీలకు దిగువకు దిగుట కలదు. ఇట్టి నేలపై చిన్న తొట్టిలో పగడమును పెంచుట కుంటను నమ్మి వరి వేయుట వంటిది. పెద్ద తొట్టికి గూడ నీడగల గది, నీటిపై వీచు పంకా కావలెను. మట్టికుండలో నీరు చల్లబడు న్యాయమే దీనికిని వర్తించును. ఎండలు ముదిరినచో నీటిని చల్లబరచు యంత్రము తప్పదు.

అయితే తొట్టి మార్చుట నీరు మార్చుట వంటిది కాదు. చేపల మలినమునుండి అమ్మోనియా యను విషము పుట్టును. దానిని మార్చి తక్కువ హానిగల నైట్రేటుగా చేయు సూక్ష్మజీవులను 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వేఱుపఱచి చూపెను. ఇవి నీటిలో కంటె రాళ్ళమీద, ఇసుకలో హెచ్చుగా నుండును. జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్ సముద్రమునుండి తెచ్చిన జీవముగల రాళ్ళతో తొట్లు నడిపి, ఆ పద్ధతిని 1961లో లోకమునకు తెలిపెను. క్రొత్త తొట్టి అద్దము వలె మెఱయును గాని, దానిలో నీ సేవకులు లేరు. రైతు నారును వేరుమట్టితో తీసి నాటును. అట్లే పాత రాళ్ళను పాతనీటిలోనే తడియారకుండ నుంచి క్రొత్త తొట్టికి చేర్చవలెను. లీటరునకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన నీటిని ముందునాడే సిద్ధపరచి, ఉప్పదనమును వెచ్చదనమును పాతనీటితో సరిచూడవలెను. 432 లీటర్లకు 15 కిలోల ఉప్పు పట్టును. పాత ఇసుకను కలచి పోయరాదు. పూడిక కలచిన చెరువులో నల్లబురద కంపుకొట్టి చేపలు చచ్చునట్లు ఇచ్చటను జరుగును. నీరు, రాళ్ళు, గాజు కలిసి అరటన్నుకు మించును గాన నేల గట్టిదై యుండవలెను. ఇల్లు పెద్దదైనదని వెంటనే క్రొత్త చేపలను నింపుట తగదు. సూక్ష్మజీవులు పెరుగుటకు వారములు పట్టును.

ఇక ముఖ్యమైన మాట. పెద్ద తొట్టి పెద్ద ఆశను పుట్టించును. ఇంగ్లండు తీరమున నూటడెబ్బది యేండ్ల క్రిందట జరిగిన కొల్ల మన తీరమున జరుగరాదని, దిబ్బలు కట్టు పగడములను భారత ప్రభుత్వము 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చెను. పులికి ఏ రక్షణయో పగడమునకు నదే రక్షణ. సముద్రమునుండి దానిని పెఱికి తెచ్చుట, అమ్ముట నేరము. ఇంటి తొట్టి యజమాని పోవదగిన త్రోవ వేఱొకటి యున్నది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు పగడపు దిబ్బలలో బ్రదుకు అందమైన చేపలను కొన్నిటిని తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచిరి. చెరువులో విడుచుటకు మనము చేపపిల్లలను కేంద్రములనుండి తెచ్చుకొనునట్లే, అట్టివానిని తెచ్చుకొనుట మేలు.

బాసర వద్ద మన సీమలో ప్రవేశించు గోదావరి ధర్మపురిని, కాళేశ్వరమును దాటి తుదకు సముద్రమునే చేరుచున్నది. మన పొలములలోని ఎరువును, మన ఊళ్ళలోని మురికిని మోసికొని పోవునదియు నదియే. పగడము మనకు పరాయిది కాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. గాజుతొట్టి యెంత పెద్దదైనను దానిలోని జీవి మనము పోసిన నీటిపై ఆధారపడినది. చెరువులోని చేపయు నట్టిదే. మీ యూరి చెరువులో చేపలు నోళ్ళు తెఱచిన ఉదయమున ఈ మాట జ్ఞప్తికి తెచ్చుకొనుడని కోరి విరమించుచున్నాను.