సీసపు అక్షరములు, నూలు కుట్లు: గ్రంథనిర్మాణశిల్పముపై ఒక పరిశీలన

బెంగుళూరునకు ఆగ్నేయమున, ఆనేకల్లు తాలూకాలో, హోసూరు సీమకు చేరువనున్న సర్జాపుర ప్రాంతమున కన్నడముతోపాటు తెలుగును వీథులలో వినవచ్చును; చేతియచ్చును, చేతిబైండును శిల్పములుగా పరిశీలింపబూనువారికి, తోబుట్టువులవంటి లిపులుగల యీ రెండు భాషలును ఒక్కచోట లభించుట అరుదైన సౌకర్యము. రచన ముగిసిన పిదప ప్రతులను పెంచు యంత్రవ్యాపారమే అచ్చుపనియని తలచుట పరిపాటి యైనను, అక్షరములు కూర్చు కంపోజిటరు చేతిని దగ్గరగా గమనించినచో ఆ యభిప్రాయము నిలువదు.

ముందుగా కొంత చరిత్ర. తెలుగు తొలి అచ్చుపొత్తములు 1746-47 ప్రాంతమున జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ పూనికతో వెలువడినవి. పిదప సీరాంపూరున 1814లో కేరీ వ్యాకరణమును, మదరాసున 1816లో కాంబెల్ వ్యాకరణమును అచ్చయినవి; 1854లో వావిళ్ళవారి ముద్రణాలయము వెలసినది. బెంగుళూరు వెస్లియన్ మిషన్ ప్రెస్సు 1858లో రీవ్ కన్నడనిఘంటువును సాండర్సన్ సంస్కరణతో ప్రకటించినది.

ఈ చరిత్రకంటె విలువైనది పనిలోని సూక్ష్మము. ‘వస్త్రము’ అను పదమును కూర్చునపుడు, సంయుక్తాక్షరము పూర్తిగా పోతపోసిన అచ్చు గళ్ళలో లేనిచో, సకారమునకు తవత్తును, క్రావడిని సమకూర్చి, ఆ వత్తులు దిగువపంక్తిలోని గుళ్ళను తాకకుండ వరుసల నడుమ సీసపురేకులు చొప్పించి, ఎడమకుడులు తారుమారైన అక్షరములను వానిని పేర్చు స్టిక్కులో చదువుకొనుచు, పంక్తి బిగువుగా నిలుచునట్లు పదముల నడుమ ఎడమును సవరింపవలెను. ఎంత ఎడము చాలునో చెప్పు సూత్రము లేదు, కన్నే ప్రమాణము. నా దృష్టిలో సృజన యనదగినది ఈ నిర్ణయమే.

బైండు సంగతియు నట్టిదే. తాటాకు గ్రంథమునకు రేకుల రంధ్రమునుండి త్రాడు పోవును. కాగితపు పొత్తమున మడతపెట్టిన ఫారము నడిమినుండి నూలు పోవును. కడపలో సి.పి. బ్రౌను పండితులచేత తాటాకు ప్రతులను కాగితములపైకి ఎత్తి వ్రాయించుటతో మన కావ్యములెన్నో ఈ రెండవ రూపమును దాల్చినవి. తావును మూడుమార్లు మడచినచో 16 పుటలగును. అట్టి ఫారములను వరుసగా కుట్టి, వీపునకు మైలుతుత్తము కలిపిన మైదాజిగురు పూసి, గుడ్డ అంటించి, అట్టలు తొడిగిన పొత్తము బల్లపై తెరచియుంచినను మూసికొనదు. తుత్తమును కలుపుట పురుగుపట్టకుండుటకు.

ప్రక్కకుట్టు వేసిన పొత్తమున లోపలియంచు కుట్టులో చిక్కి, పద్యపాదపు తొలియక్షరము మడతలో దాగును. కావున అంచెంత విడువవలెనో తెలియుటకు కంపోజిటరు ముందుగా బైండరు కుట్టును ఎరిగియుండవలెను. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయమువంటి విద్యాసంస్థ నెలకొన్న సర్జాపురమున ఈ శిల్పమును నేర్పదలచినవారు కూర్పును, కుట్టును వేర్వేరు పాఠములుగా విడదీయక, తెలుగు, కన్నడముల అక్షరపు గళ్ళను ప్రక్కప్రక్కన నిలిపి, ఒకే విద్యార్థిచేత కూర్పు మొదలు కుట్టు తుదివరకు చేయింపవలెనని నా మనవి.