తలల లెక్కకు అందని పని

చట్టం దృష్టిలో ఫ్యాక్టరీ అంటే ముందుగా తలల లెక్క. 1881 నాటి తొలి ఫ్యాక్టరీల చట్టం యంత్రశక్తితో, 100 మందికి తగ్గకుండా పనిచేసే చోట్లకే వర్తించింది. ఏడేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవద్దంది. పెద్దల పనిగంటల ఊసెత్తలేదు. దాని వెనుక జాలి కన్నా, బొంబాయి మిల్లుల పోటీకి జంకిన లాంకషైర్ యజమానుల ఒత్తిడే ఎక్కువ. తర్వాత ఆ సంఖ్య 1891లో 50కి, 1922లో 20కి, 1948లో కరెంటు వాడే చోట 10కి దిగింది. పెద్దల పని 1922లో వారానికి 60 గంటలైతే, 1946లో 48కి తగ్గింది.

చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1918 ఏప్రిల్ 27న మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు బి.పి. వాడియా దివ్యజ్ఞాన సమాజం మనిషి. ఆ సమాజానికి చెందిన అనీబిసెంటే అంతకు మూడేళ్ల ముందు, అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెలో కాలేజీ స్థాపించారు. అయితే మదనపల్లె ప్రాంతపు పని మిల్లుల్లో కన్నా ఇళ్లల్లోనే ఎక్కువ.

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. సావుకారు పట్టు, జరీ ఇస్తాడు. నేతగాడు గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తాడు, ఇల్లాలు కండెలు చుడుతుంది. మజూరీ చీర లెక్కన. వానాకాలం గుంతలో నీరూరితే పనీ ఆగుతుంది, మజూరీ ఆగుతుంది. పట్టు రీలింగ్‌లో మరిగే నీళ్లలో ఉడికిన గూళ్ల నుంచి పోగు కొస చేత్తో వెతికి పట్టాలి. వేళ్లు నానిపోయి పొక్కుతాయి. పుంగనూరు వైపు చింతపండు గింజ తీసేది ఆడవాళ్లే, కూలి కిలోల లెక్కన. ఇవన్నీ చాలావరకు పదిమంది లెక్కకు అందని పనులు. 1986 బాలకార్మిక చట్టం నేతను పిల్లలకు నిషిద్ధమైన పనుల్లో చేర్చినా, సొంత కుటుంబం నడిపే చోటును మినహాయించింది. 2016 సవరణ కూడా బడి అయ్యాక ప్రమాదకరం కాని కుటుంబ వృత్తికి సాయపడటాన్ని వదిలేసింది.

కుప్పం దారి వేరు. వాన నమ్ముకున్న సేద్యం గిట్టని వాళ్లు రైలెక్కి బెంగళూరు పనులకు పోతారు. బట్టల ఫ్యాక్టరీల్లో కూలి తక్కువ, టార్గెట్ల ఒత్తిడి ఎక్కువ. అయినా అక్కడ పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి. పొలం కూలికి అవి లేవు. తక్కువ కూలికి చెమటోడ్చే ఇలాంటి ఫ్యాక్టరీలను (స్వెట్‌షాప్‌లను) సమర్థించేవారి వాదనలో నిజమున్నది ఇంతవరకే. పీఎఫ్ సొమ్ము తీసుకోవడంపై కేంద్రం పెట్టిన ఆంక్షలకు నిరసనగా, 2016 ఏప్రిల్‌లో బెంగళూరు దుస్తుల కార్మికులు, ఎక్కువగా స్త్రీలు, రోడ్లు దిగ్బంధించారు. రెండో రోజే కేంద్రం వెనక్కి తగ్గింది. ఇళ్లల్లో విడివిడిగా పనిచేసేవాళ్లకు ఆ బలం దొరకదు.

ఇప్పుడు లెక్క మళ్లీ పైకి పోతోంది. 2020 కార్మిక కోడ్ ఫ్యాక్టరీ నిర్వచనాన్ని కరెంటు ఉంటే 20 మందికి, లేకుంటే 40 మందికి పెంచింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచింది. పెట్టుబడులు వస్తాయని ప్రభుత్వం, శ్రమ దోపిడీ అని సంఘాలు వాదించుకుంటున్నాయి. మగ్గం గుంతకు మాత్రం ఏ గంటల చట్టమూ లేదు.