చావుకు 1886, జబ్బుకు 1986

మా మేనల్లుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాడు. పుట్టి పెరిగింది మాత్రం వరంగల్లు కాశిబుగ్గలోనే, మా ఇంటి వెనక సందులో. మొన్న ఫోన్లో క్షేమసమాచారాలన్నీ అయ్యాక ఉన్నట్టుండి ఒక ప్రశ్న వేశాడు.

"మామా, ఇక్కడ కేంద్రానికొక రిటర్ను, రాష్ట్రానికొక రిటర్ను కట్టాలె. ఆరోగ్య బీమా పైసలకు కేంద్రం లెక్క ఒక తీరు, రాష్ట్రం లెక్క ఇంకో తీరు. మన దగ్గర రాష్ట్రానికి రిటర్నే లేదు కదా?"

"లేదురా" అని ఫోను పెట్టేశాను. నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయినవాడిని. మా వీధిలో నలుగురికి ఏటా ఆదాయపు పన్ను కాగితాలు పూర్తిచేసి పెట్టే పని కూడా నాకు తగులుకుంది. కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడికి చెప్పింది సగమే నిజం. ఇప్పుడు లేదు. కానీ ఒకప్పుడు ఇదే కాశిబుగ్గ, రాష్ట్రానికి ఆదాయపు పన్ను కట్టే గడ్డ మీద ఉండేది.

ఫసలీ 1357లో, అంటే మన లెక్కన 1947-48లో, నిజాం ప్రభుత్వం హైదరాబాదు ఆదాయపు పన్ను చట్టం చేసింది. బ్రిటిషిండియాలో నడుస్తున్న 1922 నాటి చట్టమే దానికి స్థూలంగా నమూనా. ఆ ఫసలీ ముగిసేలోపే పోలీసు చర్య జరిగింది, రాజ్యం మారింది. 1950 ఏప్రిల్ 1 నుండి భారత ఆదాయపు పన్ను చట్టమే హైదరాబాదుకూ వర్తించింది. అంతకు కొద్దికాలం ముందే అమలులోకి వచ్చిన రాజ్యాంగం పన్నులను పంచిపెట్టింది. వ్యవసాయ ఆదాయం మీద పన్ను రాష్ట్రాలది, మిగిలిన ఆదాయం మీద పన్ను కేంద్రానిది. రాష్ట్రాల చేతిలో మిగిలిన మరో చిన్న పన్ను వృత్తి పన్ను. మన దగ్గర దానికి 1987లో చట్టం వచ్చింది. ఏడాదికి 2,500 రూపాయలకు మించి వసూలు చేయరాదని 1988 నాటి రాజ్యాంగ సవరణ హద్దు పెట్టింది. జీతాన్ని బట్టి ఇంత అని కోసేయడమే అందులోని లెక్క. నువ్వు బీమా కట్టావా, నీ ఇంట్లో రోగి ఉన్నాడా అని అడిగే గడి అందులో లేదు.

ఆ గడి కోసం కేంద్ర చట్టాన్నే వెతకాలి. వెతుకుతూ పోతే నాకొక విచిత్రం కనిపించింది. మిత్రులకు చెప్పాలనిపించింది అదే.

బ్రిటిషు ప్రభుత్వం 1886లో చేసిన ఆదాయపు పన్ను చట్టంలోనే జీవిత బీమాకు మినహాయింపు ఉంది. ఆదాయంలో ఆరో వంతుకు మించకుండా ప్రీమియం కడితే ఆ మేరకు పన్ను లేదు. 1922 చట్టంలోనూ ఆ ఆరో వంతు కొనసాగింది. మన నిజాం రాజ్యంలో కూడా 1907లో ఉద్యోగుల కుటుంబాల కోసం ఒక నిధి మొదలైంది. తర్వాతి కాలంలో రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమాగా మారి, నా జీతంలోంచి కూడా నెలనెలా కోత పడుతూ వచ్చింది దాని పేరుమీదే. అంటే ఇంటి పెద్ద చనిపోతే ఇల్లాలూ పిల్లలూ రోడ్డున పడకూడదన్న ఆలోచన సర్కారుకు బాగా పాతదే.

మరి ఇంటి పెద్ద చనిపోకుండా, మంచం పడితే?

ఈ ప్రశ్న చట్టంలోకి రావడానికి సరిగ్గా నూరేళ్ళు పట్టింది. సాధారణ బీమా వ్యాపారం 1973 జనవరి 1 నుండి ప్రభుత్వపరమైంది. ఆ నాలుగు ప్రభుత్వ కంపెనీలు మెడిక్లెయిం పాలసీ తెచ్చింది 1986లో. అదే ఏడాది విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉండగా వచ్చిన ఆర్థిక చట్టం, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80డి అనే కొత్త సెక్షన్ చేర్చింది. 1987-88 అసెస్‌మెంటు సంవత్సరం నుండి అమలు. మినహాయింపు పరిమితి 3,000 రూపాయలు. చావుకు 1886, జబ్బుకు 1986.

ఈ నూరేళ్ళలో జబ్బు పడ్డవాడికి ఏ దిక్కూ లేదనలేం. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. అయితే అది ఫ్యాక్టరీ గేటు లోపలి వాళ్ళది. మా ఊరికి 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. సైరను మోతతో వరంగల్లు నిద్ర లేచిన కాలం అది. అటువంటి మిల్లులో మస్టరు మీద పేరున్న కార్మికుడికి ఆ చట్టం నీడ ఉంది. ఇంట్లో గుంట మగ్గం మీద జంపఖానాలు నేసే కాశిబుగ్గ, కొత్తవాడ నేతగాడికి మస్టరూ లేదు, గేటూ లేదు. అతడు జబ్బు పడితే ఎంజీఎం ఆసుపత్రే దిక్కు, కాకపోతే అప్పు. 2002లో మిల్లు మూతపడ్డాక లోపలివాళ్ళు కూడా బయటివాళ్ళే అయ్యారు.

80డి ఎవరి కోసం వచ్చినట్టు? ఆ రోజుల్లో ఏడాదికి 18,000 రూపాయల దాకా ఆదాయం ఉన్నవాడికి పన్నే లేదు. పన్నే లేనివాడికి మినహాయింపు ఏమిటి? పైగా ప్రీమియం చెక్కు ద్వారానే కట్టాలన్నది చట్టంలోని షరతు. ఈ షరతు దెబ్బ నేనూ తిన్నాను. తొంభైల్లో మా నాన్నగారి పేరు కూడా కలిపి పాలసీ తీసుకున్నాను. ఏజెంటు ఇంటికొచ్చి, చాయ్ తాగి, నోట్లు లెక్కపెట్టుకుని రసీదు ఇచ్చి వెళ్ళేవాడు. ఆ రసీదు ఆఫీసులో ఇస్తే గుమాస్తా దాన్ని తిప్పి చూసి, "నగదు అయితే చెల్లదు మాస్టారూ" అన్నాడు. బ్యాంకులో ఖాతా ఉంది, చెక్కు పుస్తకం మాత్రం లేదు. బడిపంతులి పరిస్థితే అదైతే నేతగాడి సంగతి చెప్పనక్కరలేదు. 2009 ఏప్రిల్ నుండి ఆ షరతు "నగదు కాని ఏ పద్ధతి అయినా" అని మారింది.

పరిమితి కూడా మెల్లమెల్లగా పెరిగింది. 3,000 కాస్తా 6,000, తర్వాత 10,000, 2007 చట్టంతో 15,000, 2015 చట్టంతో 25,000 అయ్యింది. 2008 చట్టం తల్లిదండ్రుల కోసం కట్టే ప్రీమియానికి వేరే పద్దు ఇచ్చింది. 2018 చట్టం అరవై దాటినవారికి 50,000 చేసింది. బీమా లేని వృద్ధులకైతే మందులకూ వైద్యానికీ పెట్టిన ఖర్చునే ఆ పరిమితిలో చూపుకోవచ్చు. నా మటుకు నాకు ఈ సెక్షన్ మొత్తంలో మానవత్వం కనిపించే వాక్యం ఇదే. వయసు చూసి బీమా కంపెనీ కాదన్న ముసలివాడిని చట్టం కాదనలేదు.

అయినా లెక్క లెక్కే. పాత పద్ధతిలో పాతిక వేల ప్రీమియం కట్టినవాడు ముప్పై శాతం శ్లాబులో ఉంటే 7,500 మిగులుతుంది. ఇరవై శాతంలో ఉంటే 5,000. అయిదు శాతంలో ఉంటే 1,250. పన్ను పరిధికి కింద ఉంటే సున్న. ఆదాయం తగ్గేకొద్దీ సర్కారు సాయం తగ్గుతుంది, అవసరమేమో పెరుగుతుంది. ఒకసారి కొడుకు రిటర్ను కోసం వచ్చిన మా పక్కింటి నేత పెద్దమనిషికి ఇదంతా ఉత్సాహంగా వివరించాను. ఆయన ఓపిగ్గా విని, "గంతా మంచిగనే ఉన్నది సార్, మరి నాకేమొస్తది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయనకు జవాబు వేరే దారిలో వచ్చింది. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతటికీ వచ్చిన ఆరోగ్యశ్రీ అది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి దాని పరిమితి పది లక్షలు.

మేనల్లుడి అమెరికాలో కథ ఇంకో రకం. అక్కడ వైద్య ఖర్చులకు మినహాయింపు 1942లోనే వచ్చింది. ఇప్పుడు కేంద్రం లెక్కలో, ఖర్చులన్నీ పద్దులవారీగా చూపేవాళ్ళకు మాత్రమే, ఆదాయంలో ఏడున్నర శాతం దాటిన వైద్య ఖర్చుకే మినహాయింపు. న్యూజెర్సీ రాష్ట్రం రెండు శాతం దాటితే చాలంటుంది, సొంతంగా కట్టిన ప్రీమియం కూడా ఆ ఖర్చులో కలుస్తుంది. టెక్సాస్‌లో ఉండే మన తెలుగువాళ్ళకు ఆ గొడవే లేదు, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. ఒకే దేశం, ఒకే జబ్బు, ఊరు మారితే లెక్క మారుతుంది. మనకు అంతటా ఒకటే లెక్క. అది మేలేనని నా అభిప్రాయం.

ఇక ఈ మధ్య కాలపు చరిత్ర. 2020లో వచ్చిన కొత్త పన్ను పద్ధతిలో 80డి లేదు. 2023-24 ఆదాయ సంవత్సరం నుండి, ఏదీ ఎంచుకోనివారికి వర్తించేది ఆ కొత్త పద్ధతే. అందులో 2025-26 నుండి పన్నెండు లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కనుక చాలామందికి నష్టమేమీ లేదు, నిజమే. కానీ నూరేళ్ళు ఆలస్యంగా చట్టంలోకి అడుగుపెట్టిన ఆ గడి నలభై ఏళ్ళకే చాలా రిటర్నుల్లోంచి చప్పుడు లేకుండా జారిపోయింది. పన్ను కోసమైనా ఏటా మార్చి నెలలో బీమా గుర్తొచ్చే అలవాటు మా వీధి ఉద్యోగుల్లో పోతుందేమోనన్నది నా బెంగ.

ఇంకో వైపు, వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద ఉన్న పద్దెనిమిది శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుండి తీసేశారు. ఇది ఏ శ్లాబునూ అడగదు. రిటర్ను వేసేవాడికీ వేయనివాడికీ ఒకటే. "నాకేమొస్తది" అన్న పెద్దమనిషికి పన్నుల చట్టం నుండి నేను చూపించగలిగిన మొదటి జవాబు ఇది. కాకపోతే ఆ మిగిలిన ప్రీమియం కట్టగలిగే సంపాదన ఆయన మగ్గానికి ఉండాలి.

రేపు మేనల్లుడికి ఫోను చేసి నా జవాబు దిద్దుకోవాలి. "ఒకప్పుడు మనకూ రాష్ట్రపు ఆదాయపు పన్ను ఉండెరా" అని మొదలుపెడతాను. అలాగే అక్కయ్యకు పాలసీ తీసుకున్నావా అని అడుగుతాను. ఆమెకు అరవై ఆరేళ్ళు, ఇక్కడ ఒక్కతే ఉంటుంది. మినహాయింపు వచ్చినా రాకపోయినా.