అకరోవాలో జరగని పందెం

టూరిస్టు బస్సు ఏదైనా సరే, అకరోవాలోని గ్రీన్స్ పాయింట్ స్తంభం దగ్గర చెప్పే కథ ఒకటే: 1840 ఆగస్టులో బ్రిటిష్ ఓడ బ్రిటోమార్ట్ ఫ్రెంచివాళ్లకంటే నాలుగైదు రోజులు ముందొచ్చి జెండా ఎగరేసింది కాబట్టి సరిపోయింది, లేకుంటే న్యూజిలాండ్ దక్షిణ దీవి ఫ్రాన్సు పాలయ్యేదని. తేదీలు వరసగా పెట్టి చూస్తే ఈ పందెం నిలవదు. దేశమంతా బ్రిటిష్ ఏలుబడిలోకి వచ్చిందని లెఫ్టినెంట్ గవర్నర్ హాబ్సన్ ప్రకటించింది మే 21న. ఇవికౌ, హోనే టికావో అనే ఙాయి తాహు మావోరీ తెగ పెద్దలు బ్రిటిష్ రాణితో కుదిరిన వైతాంగి ఒప్పందం మీద సంతకాలు పెట్టింది మే 30న, ఈ అకరోవా రేవులోనే. జూన్ 17న హాబ్సన్ పంపిన మేజర్ బన్‌బరీ క్లౌడీ బేలో దక్షిణ దీవికి విడిగా మరో ప్రకటన చేశాడు. బ్రిటోమార్ట్ కెప్టెన్ స్టాన్లీ ఇక్కడికి వచ్చేసరికి తేలాల్సిందేమీ మిగల్లేదు.

మరి అతన్ని అంత హడావిడిగా పంపడమెందుకని అడుగుతారు. ఫ్రెంచి యుద్ధనౌక లోబ్ జులైలో బే ఆఫ్ ఐలాండ్స్‌కు వచ్చేసరికి హాబ్సన్ కంగారుపడ్డ మాట నిజమే. కానీ స్టాన్లీ వెంట మేజిస్ట్రేట్లను పంపాడు. అంటే కావలసింది కొత్తగా ఆక్రమించడం కాదు, ఉన్న పాలన నడుస్తోందని కోర్టు పెట్టి చూపించడం. లోబ్ కమాండర్ లవో కూడా ఆ సంగతి తెలిసే ఇటు బయల్దేరాడు. 1838లో ఫ్రెంచి తిమింగిలవేట ఓడ కెప్టెన్ లాంగ్వా ఈ భూమి కొన్నాడు కదా అనేవాళ్లూ ఉన్నారు. అతను బయానాగా ఇచ్చింది 6 పౌండ్ల విలువైన సరుకు. పొలం కొన్నంత మాత్రాన రాజ్యం చేతికి రాదు. ర్యూ లవో, ర్యూ జోలీ అని వీధి బోర్డులు పెట్టుకున్నా రాదు. చరిత్రకారుడు లిండ్సే బ్యూక్ 1928లోనే పత్రాలన్నీ తిరగేసి ఈ పందెం సంగతి తేల్చాడు. అయినా బస్సులో మైకు మారదు.

నా ఫిర్యాదు అసలు స్తంభం మీద కాదు, దాని కింద ఉన్న తకాపూనెకె అనే పాత మావోరీ ఊరి మీద ఎవరూ నోరు మెదపకపోవడం మీద. 1830లో బ్రిటిష్ కెప్టెన్ స్టూవర్ట్ హరకెకె మొక్క నార సరుకుకు ఆశపడి, ఙాయి తాహుకు శత్రువైన మావోరీ నాయకుడు తె రౌపరాహనూ అతని యోధులనూ ఎలిజబెత్ అనే ఓడ అడుగున దాచి ఇక్కడికి తెచ్చాడు. ఙాయి తాహు నాయకుడు తమైహరనుయిని మాయమాటలతో ఓడెక్కించి బంధించారు, ఊళ్లో జనాన్ని నరికేశారు. సిడ్నీలో స్టూవర్ట్ మీద కేసు నిలవలేదు. బ్రిటిష్ పౌరులకు ఇక్కడ పగ్గమే లేదని తేలడంతో, 1833లో బస్బీని బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధిగా (రెసిడెంటుగా) పంపడానికి ఈ ఘోరం ఒక ముఖ్య కారణమైంది; ఒప్పందం ముసాయిదాలో చెయ్యి పెట్టిందీ ఆ బస్బీయే. ఏలుబడి మూలం వెతికేవాళ్లు స్తంభం ఎక్కక్కర్లేదు, కిందికి దిగాలి. ఆ నేల మీదే ఇరవయ్యో శతాబ్దంలో మురుగునీటి ప్లాంటు కట్టారు, చెత్త పోశారు. చారిత్రక రిజర్వుగా గుర్తించింది 2010లో. 1998లో ప్రధాని జెన్నీ షిప్లీ ఙాయి తాహుకు ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పింది కూడా ఈ దారి చివరనున్న ఓనుకు మరాయి అనే మావోరీ సభాస్థలిలోనే. బస్సులు ముందు తకాపూనెకెలో ఆగి, ఓనుకు దాకా పోవాలి. తిరుగు దారిలో తీరికుంటే స్తంభం చూపించుకోవచ్చు.