అమ్మానాన్నల రంగు అడిగిన బరి

తిరునాళ్ల డేరాల్లో గుద్దులాడిన తండ్రి, ఛాంపియన్లను ఓడించినా ఛాంపియన్ కాలేకపోయిన కొడుకు. మాంచెస్టర్ జాన్సన్ల వంశ చరిత్ర వెతికే దారిలో ఉరవకొండ వాళ్లకూ పనికొచ్చే ఆనవాళ్లున్నాయి.

1925లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో లెన్ జాన్సన్ అనే 22 ఏళ్ల కుర్రాడు రోలాండ్ టాడ్‌ను ఓడించాడు. టాడ్ మిడిల్‌వెయిట్‌లో బ్రిటిష్ ఛాంపియన్‌గా పేరు మోసినవాడు. అది గాలివాటు గెలుపేమీ కాదు, లెన్ అతన్ని రెండోసారీ ఓడించాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా వెళ్లి, సిడ్నీలో హ్యారీ కాలిన్స్ మీద గెలిచి బ్రిటిష్ సామ్రాజ్య టైటిల్ తెచ్చుకున్నాడు. సొంత దేశంలో దిగేసరికి ఆ టైటిల్‌ను లెక్కలోకి తీసుకోలేదు. 1927లో లెన్ హార్వీ అనే బాక్సర్‌నూ ఓడించాడు. ఆ హార్వీ తర్వాత బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. జాన్సన్‌కు మాత్రం బ్రిటిష్ టైటిల్ కోసం బరిలో దిగే అవకాశమే రాలేదు.

కారణం అతని ఆటలో లేదు, పుట్టుకలో ఉంది. బ్రిటిష్ టైటిల్‌కు పోటీ పడేవాడు తెల్లజాతి తల్లిదండ్రులకు పుట్టినవాడై ఉండాలని బాక్సింగ్ బోర్డు 24వ నియమం చెప్పేది. రాతలోకి రాకముందే అది ఆచారంగా పాతుకుపోయింది. 1911లో నల్లజాతి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ జాన్సన్ లండన్‌లో బాంబార్డియర్ బిల్లీ వెల్స్‌తో తలపడాల్సి ఉండగా, హోంమంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఆ పోటీని ఆపించాడు. అంటే లెన్ జాన్సన్ వంశ చరిత్రను అందరికంటే ముందు ఆరా తీసింది అతని మనవలూ కాదు, చరిత్రకారులూ కాదు. టైటిల్ చేతిలో పెట్టుకున్న పెద్దమనుషులు.

బెంకర్ అనే ఆనవాలు

మరి ఆ తల్లిదండ్రులెవరు? తల్లి మార్గరెట్ మాహెర్, ఐరిష్ మూలాలున్న స్త్రీ. తండ్రి విలియం జాన్సన్ పశ్చిమాఫ్రికాలోని సియెరా లియోన్ నుంచి ఓడ పని మీద వచ్చినవాడు. బిల్లీ అనే పేరుతో తిరునాళ్ల డేరాల్లో బాక్సింగ్ ఆడాడు. లెన్ 1902 అక్టోబర్ 22న మాంచెస్టర్‌లోని క్లేటన్‌లో పుట్టాడు.

వెతికేవాడికి తండ్రి దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఆ కాలపు ఇంగ్లండ్‌లో బిల్లీ జాన్సన్ అని పిలిస్తే వీధికి ఇద్దరు పలుకుతారు. పైగా డేరా ఆట తీరే వేరు. డేరా ముందు అరుగు మీద బాక్సర్లను వరసగా నిలబెట్టి, వీళ్లతో మూడు రౌండ్లు నిలబడగలిగిన మొనగాడెవరని నిర్వాహకుడు జనాన్ని కవ్వించేవాడు. గని కూలీయో రేవు కూలీయో చొక్కా విప్పి ఎక్కేవాడు. ఆట నచ్చితే జనం చిల్లర విసిరేవాళ్లు. ఒకే రోజు అలాంటి పోటీలు ఎన్నో జరిగేవి. ఎవరు గెలిచారో రాసిపెట్టుకునే పుస్తకం మాత్రం ఉండేది కాదు. కొడుకు లైసెన్సు ఉన్న హాళ్లలోనూ ఆడాడు కాబట్టి ఆ పోటీలకు తేదీ, రౌండ్ల లెక్క, పత్రికలో వార్త మిగిలాయి. తండ్రి ఆట తిరునాళ్లతోనే ముగిసిపోయింది.

ఇక్కడ దారి చూపేది నడిమి పేరు. తండ్రి విలియం బెంకర్ జాన్సన్, కొడుకు లియోనార్డ్ బెంకర్ జాన్సన్. మనకు ఇంటిపేరు చేసే పనిని ఇక్కడ ఆ అరుదైన ‘బెంకర్’ చేస్తుంది, ఊరంతా ఉన్న జాన్సన్లలోంచి ఒక కుటుంబాన్ని విడదీసి చూపిస్తుంది.

రెండో దారి పెళ్లి రిజిస్టర్. 1837 నుంచి ఇంగ్లండ్, వేల్స్ పెళ్లి పత్రాల్లో వధూవరుల తండ్రుల పేర్లు, వాళ్ల వృత్తులు రాస్తున్నారు. బాక్సింగ్ రికార్డులు చెప్పని తండ్రిని కొడుకు పెళ్లి పత్రం చెప్తుంది. జనాభా లెక్కల కాగితాలను అక్కడ వందేళ్లు దాటాక అందరికీ తెరుస్తారు. 1911 లెక్కలు ఎప్పటినుంచో అందుబాటులో ఉన్నాయి, 1921వి 2022 జనవరిలో బయటికొచ్చాయి. 1931వి 1942 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కింపే జరగలేదు. ఆ ఖాళీలో 1939 నాటి జాతీయ రిజిస్టరే ఆధారం.

బరి వదిలాక

లెన్ 1933లో ఆట మానేశాడు. ఆ తర్వాత సొంత డేరా పెట్టుకుని ఊరూరా తిరిగాడు. తండ్రి పొట్టపోసుకున్న చోటికే కొడుకు యజమానిగా వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, బాంబులకు కూలిన ఇళ్ల కిందినుంచి మనుషుల్ని బయటికి తీసే దళంలో పనిచేశాడు. కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1945లో మాంచెస్టర్‌లో జరిగిన పాన్ ఆఫ్రికన్ మహాసభకు హాజరయ్యాడు. 1953లో ఓల్డ్ యాబీ ట్యాప్‌హౌస్ అనే పబ్బులో రంగు చూసి మందు పోయనన్నారు. జనం గుంపుగా తరలివచ్చి నిరసన చేశారు. ఆ పబ్బులోనే అతనికి మర్యాదగా మందు పోయక తప్పలేదు. 1974లో చనిపోయాడు. 1992లో మైఖేల్ హెర్బర్ట్ అతని జీవిత చరిత్ర రాశాడు. సాల్ఫర్డ్‌లోని శ్రామికవర్గ ఉద్యమ గ్రంథాలయం అతని జ్ఞాపకాన్ని భద్రపరిచింది. బాక్సింగ్ సంస్థలు పట్టించుకోని మనిషిని దాచిపెట్టింది కార్మిక ఉద్యమం వాళ్లు.

ఆ 24వ నియమం 1948లో పోయింది. ఆ ఏడాది జూన్ 28న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో డిక్ టర్పిన్ విన్స్ హాకిన్స్‌ను ఓడించి, ఆ నిషేధం తర్వాత బ్రిటిష్ టైటిల్ గెలిచిన తొలి నల్లజాతి బాక్సర్ అయ్యాడు. అతని తండ్రి లయొనెల్ బ్రిటిష్ గయానా నుంచి వచ్చి మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడాడు. బిల్లీ జాన్సన్‌ను ఓడ కాగితాల్లో వెతికితే, లయొనెల్ టర్పిన్‌ను సైన్యం కాగితాల్లో వెతకాలి.

మన వైపు వెతికితే

మనకు దగ్గర్లో తండ్రీకొడుకుల బాక్సింగ్ అంటే నిజామాబాద్ గుర్తొస్తుంది. కోచ్ శంసముద్దీన్ దగ్గరే బాక్సర్ నిఖత్ జరీన్ ఓనమాలు దిద్దింది. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో, 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యాలు గెలిచాడు. రేపు ఈ ఇంటి చరిత్ర రాసేవాడికి తేదీల కొరత ఉండదు. కొరతంతా పాత పహిల్వాన్ల ఇళ్లలోనే.

అనంతపురం జిల్లా ఉరవకొండ లాంటి చోట తాలింఖానాలో మట్టి పూసుకున్న ముత్తాత గురించి తెలుసుకోవాలంటే, మొదట జిల్లా మార్చి వెతకాలి. 1882కు ముందు అనంతపురం జిల్లానే లేదు, ఇదంతా బళ్లారి జిల్లా. తర్వాత కూడా చాలాకాలం ఉరవకొండ గుత్తి తాలూకాలోనే ఉంది. మద్రాసు ప్రభుత్వ కాలపు పాత దస్త్రాలకు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్ తలుపు తట్టాలి. మన జనాభా లెక్కల్లో మనిషి పేరుతో ఉన్న వివరాలను 1948 సెన్సస్ చట్టం ఎవరికీ చూపనివ్వదు. కాబట్టి మనకు దిక్కు భూమి, బడి. సర్వే సెటిల్‌మెంటు రిజిస్టర్లు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోని దస్తావేజులు, బడి అడ్మిషన్ రిజిస్టర్లు. వీటిలో చాలావరకు మనిషి పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది. ఇంగ్లండ్‌లో పెళ్లి కాగితం చేసే పనిని మన దగ్గర సేద్యపు కాగితం చేస్తుంది.

ఇక్కడా చిక్కులున్నాయి. పేరు చివర ‘పహిల్వాన్’ చేరితే ఇంటిపేరు జారిపోతుంది. భూమి లేనివాడు దస్తావేజుల్లో కనబడడు. బడి రిజిస్టర్‌లో పుట్టిన తేదీ చాలాసార్లు అయ్యవారు అంచనాగా వేసిందే. 1876లో మొదలైన ధాత కరువు ఊళ్లకు ఊళ్లనే వలస పంపింది. అక్కడ తెగిన వంశాన్ని కాగితాలు అతకలేవు.

తల్లులు అక్కడా ఇక్కడా సులువుగా దొరకరు. ఇంగ్లండ్ పెళ్లి పత్రాల్లో తల్లి పేరుకు చోటిచ్చింది 2021లోనే. మన దస్తావేజుల్లో ఆడవాళ్లు ఒకరి భార్యగానో, ఒకరి కూతురుగానో వస్తారు. జాన్సన్ విషయంలో మాత్రం నియమం తల్లినీ తండ్రినీ కలిపే అడిగింది. వెతికేవాడూ అంతే అడగాలి, తలుపు మూయడానికి కాదు, తెరవడానికి. పహిల్వాన్ తాత ఎవరి మీద గెలిచాడో చెప్పేవాళ్లు రచ్చకట్ట మీద ఇప్పటికీ దొరుకుతారు. ఆయన ఎక్కడినుంచి వచ్చాడో తెలియాలంటే, అవ్వ పుట్టినిల్లు ఏ ఊళ్లో ఉందో ముందు కనుక్కోవాలి. సంబంధాలు కలిసిన ఊళ్లు తెలిస్తే, ఏ తాలూకా దస్త్రం తిరగేయాలో తెలుస్తుంది.